నాలుగో జ్వరం నాడు సీతాకోకచిలుకల ఇంటికి

పురుగులకు జ్వరం వస్తోందని మా చిన్నమ్మ ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది.

"శుక్రవారం సాయంత్రానికి నాలుగో జ్వరానికి కూర్చునేస్తాయి. రా పాపా, మ్యూజియం చూసొద్దాం. ఇప్పుడు కాకపోతే ఇంక నాకు యాడ కుదురుతాది?"

మాది బాగేపల్లి, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే ఊరు. మా నాయనది చెనిక్కాయల మండీ. మా ఇంట్లో పురుగు అంటే బియ్యంలో పడేదే. చిన్నమ్మ వాళ్ళది మురుగమల్లకు కొద్ది దూరంలో ఉన్న పల్లె. వాళ్ళు పట్టుపురుగులు పెంచుతారు. పట్టుపురుగు బతుకులో నాలుగుసార్లు చర్మం విడుస్తుందట. విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా కూర్చుంటుంది. దాన్నే అక్కడ జ్వరం అంటారు. ఆఖరిదైన నాలుగో జ్వరం ఒకటిన్నర దినం ఉంటుంది. ఆ ఒకటిన్నర దినమే మనుషులకు సెలవు. మిగతా రోజుల్లో ఆకు కొయ్యడం, వెయ్యడం, మళ్ళీ కొయ్యడం. మా అక్క పెళ్ళికి చిన్నమ్మ సరిగ్గా తాళి కట్టే వేళకు వచ్చి, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే బస్సెక్కి వెళ్ళిపోయింది. మా అమ్మ ఆమెతో చాలా రోజులు మాట్లాడలేదు.

నాకు కొత్తవాళ్ళతో మాట్లాడటం చేతకాదు. హోటల్లో రెండో గ్లాసు నీళ్ళు అడగడానికి కూడా సిగ్గే. డైరీలో మాత్రం బాగానే మాట్లాడతాను. ఈ మూడు రోజుల సంగతి ఆ డైరీలోంచే తీసి రాస్తున్నాను. చిక్కబళ్ళాపురం దాటి ఉన్న ఆ మ్యూజియానికి మీరు ఇంకా వెళ్ళి ఉండకపోతే, వెళ్ళండి. పిల్లలను కూడా తీసుకెళ్ళండి. దాని పేరు మాత్రం రాయను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

చేళూరు మీదుగా

బాగేపల్లి నుంచి చేళూరు మీదుగా పోయే బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఊరికే టికెట్ ఇస్తారు కాబట్టి బస్సు నిండా ఆడవాళ్ళే. చేళూరులో బస్సు కాసేపు ఆగింది. కిటికీ దగ్గరికి వచ్చిన ఆమె దగ్గర ఇరవై రూపాయలకు మామిడికాయ ముక్కలు కొన్నాను. ఉప్పు, కారం ఆమె చేత్తోనే కలిపి ఇచ్చింది. పక్క సీటు అవ్వ నన్ను అడగకుండానే రెండు ముక్కలు తీసుకుంది.

"పులుపు లేదు," అంది నమిలి. తరువాత ఇంకొకటి తీసుకుంది.

చేళూరు వరకు మా వైపు నేల: ఎర్ర మన్ను, గుండ్లు, ఎండిన చెనిగ చేలు. ఆ తరువాత అక్కడక్కడ పట్టుపురుగులు తినే రేషం ఆకు తోటలు పచ్చగా మొదలయ్యాయి. తోట పక్కన ఇల్లు ఉంటే, ఇంటికి దూరంగా ఒక పొడవాటి రేకుల షెడ్డు, దానికి నైలాన్ తెర. ప్రతి ఊళ్ళోనూ అంతే. మనుషుల ఇంటికి తలుపు తీసి ఉంది. షెడ్డుకు మాత్రం మూసి ఉంది. నాకది వింతగా కనిపించింది. మా బజారులో దుకాణం తెరిచి పెట్టుకుని ఇంటికి తాళం వేస్తాం.

చిన్నమ్మ వాకిలి

చిన్నమ్మ గేటు దగ్గరే ఎదురొచ్చింది. కౌగిలించుకోబోయి ఆగింది.

"తలకు ఏం పూసుకుండావు?"

"కొబ్బరి నూనే చిన్నమ్మా."

"వాసనది కాదు కదా? సెంటు?"

"లేదు."

అప్పుడు దగ్గరికి తీసుకుంది. పురుగులకు వాసనలు పడవట. అత్తరు, అగరుబత్తి, తాలింపు ఘాటు, ఏదీ షెడ్డు వైపు పోకూడదు. చిన్నాయన వెంకటరవణప్ప బీడీ కాల్చాలంటే రోడ్డు దాటి అవతల రాయి మీద కూర్చుని కాల్చి, నోరు కడుక్కుని వస్తాడు. నేను వెళ్ళేసరికి అక్కడే ఉన్నాడు. "ఈ ఇంట్లో పురుగులు మామగారు, నేను ఇల్లరికం అల్లుడు," అన్నాడు నన్ను చూసి.

సాయంత్రం పురుగిల్లు, అంటే ఆ షెడ్డు, చూపించింది, తెర బయట నుంచే. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు విడిచి, గడప దగ్గర బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో తడిపిన గోనెపట్ట మీద కాళ్ళు తుడుచుకుని, చేతులు కడుక్కోవాలి. ఎండకు గోడలకు కూడా తడి గోనెలు వేలాడదీశారు. మంచాల్లాంటి అటకలు, ఒక దాని మీద ఒకటి. వాటి నిండా వేలంత లేని తెల్లటి పురుగులు, వేలకు వేలు, అన్నీ తల పైకెత్తి కదలకుండా. అంత మంది ఉన్న చోట అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. 

"పోయిన పంట పాలరోగం వచ్చి పోయె," అంది చిన్నమ్మ, లోపలికే చూస్తూ. "ఒళ్ళంతా ఉబ్బి, పాల మాదిరి నీళ్ళు కారి చస్తాయి. గుంత తీసి పూడ్చిపెడితిమి, అదో, ఆ కానుగ చెట్టు కింద. మీ చిన్నాయన సున్నం మూట మోస్తాంటే, నేను తట్టలు మోస్తి. ఈ పంటన్నా చేతికొస్తే..."

 రాత్రికి రాగి ముద్ద, ఉప్పుసారు పెట్టింది. మేము ఉలవలు ఉడికించిన నీళ్ళతో చారు పెడతాం. వీళ్ళు ఆకుకూర ఉడికించిన నీళ్ళతో. పచ్చిమిరపకాయ, వెల్లుల్లి నూరి కలిపితే చెవుల్లోంచి పొగ వచ్చింది. ఎనిమిదేళ్ళ హాసిని, చిన్నమ్మ కూతురు, నా ముఖం చూసి పడి పడి నవ్వింది.

చిక్కబళ్ళాపురం దాటి

మరునాడు పొద్దున్నే చిన్నమ్మ నీలం రంగు మైసూరు సిల్కు చీర కట్టుకుంది. "మా గూళ్ళ పట్టే అయ్యుండొచ్చు, ఎవరికి తెలుసు," అంది కుచ్చిళ్ళు సర్దుకుంటూ. చిన్నాయన కాపలాకు ఉండిపోయాడు. మేము ముగ్గురం చింతామణి వెళ్ళి, అక్కడి నుంచి శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం చేరి, అక్కడ ఆటో ఎక్కాం. దారి పొడవునా చిన్నమ్మ కిటికీలోంచి ఇతరుల ఆకు తోటలకు మార్కులు వేస్తూ వచ్చింది. "ఇది నీళ్ళు లేక వాడింది. ఇది బాగుండాది. ఇది ఎవరిదో సోమరిది."

మ్యూజియం లోపలికి అడుగు పెట్టగానే హాసిని నా వెనక దాక్కుంది. నేను దాక్కోవడానికి నా వెనక ఎవరూ లేరు. ఎదురుగా ఎద్దంత చీమ. దాని ముందు కాళ్ళ మధ్యలోంచే దారి. పక్క గోడలో పిల్లలు పాక్కుంటూ పోయేలా చీమల పుట్ట సొరంగం. ఒక మీట నొక్కితే కీచురాయి అరుపు వందింతలై వినిపిస్తుంది. ఒక పెట్టెలో పుల్ల ఉంది. పుల్లే కదా అని వంగి చూశాను. పుల్ల నడిచింది. నేను అరిచాను. జనంలో నేను అరవడం అదే మొదటిసారి. ఎవరూ తిరిగి కూడా చూడలేదు, అందరూ అరుస్తూనే ఉన్నారు.

ఈగల మూలలో చిన్నమ్మ ఆగిపోయింది. అక్కడ మేకపిల్లంత ఈగ బొమ్మ ఉంది, ఒంటి మీద ముళ్ళలాంటి వెంట్రుకలతో. దాని పక్కన నిలబడి కుటుంబాలు ఫోటోలు తీసుకుంటున్నాయి. బోర్డు చదివి చెప్పాను: ఊజి ఈగ. పట్టుపురుగు మీద గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల పట్టుపురుగును లోపలి నుంచి తినేస్తుంది.

"నాకే చెప్తాండావా?" అంది చిన్నమ్మ. "దీన్ని ఇంత చేసి పెట్టినారా! బియ్యపు గింజంత ఉన్నప్పుడే మా కొంప తీస్తాది."

సీతాకోకచిలుకలు రెండు రకాలుగా ఉన్నాయి. ఒక గదిలో అద్దాల సొరుగులు. లాగితే వరుసలు వరుసలుగా రెక్కలు. ఆకాశపు నీలం, తుప్పు ఎరుపు, పసుపు. దగ్గరికి వంగితే ప్రతి దాని గుండెలో ఒక సూది. చూస్తూ చూస్తూ నా చెయ్యి నా గుండె మీదికి వెళ్ళింది. హాసిని అడిగింది: "అక్కా, నిద్రపోతాండాయా?"

 చిన్నమ్మ ఏ మాత్రం తడుముకోకుండా, "జ్వరానికి కూర్చుండాయిలే," అంది. హాసిని ఒప్పుకుని ముందుకు వెళ్ళింది.

రెండోది వల కట్టిన పెద్ద గుమ్మటం. లోపల మొక్కలు, సన్నటి నీటి తుంపర, ప్రాణంతో ఎగిరే సీతాకోకచిలుకలు. అవి పూల మీద వాలతాయని అనుకుంటాం. అక్కడ ఎక్కువ గుంపు కుళ్ళిన అరటిపండు మీద ఉంది. ఒకటి వచ్చి హాసిని మెడ మీద చెమట తాగింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, కళ్ళు మాత్రం నా వైపు తిప్పి, అట్లాగే నిలబడిపోయింది. నేను ఇంతవరకు చదివిన పద్యాలన్నీ నన్ను మోసం చేసినట్టనిపించింది.

"ఇవి ఏం పనికొస్తాయి?" అంది చిన్నమ్మ. "గూడు కట్టవు, ఏం లేదు. ఊరికే రంగులేసుకుని తిరుగుతాయి. మీ చిన్నాయన మాదిరి."

ముట్టి చూసే బల్ల

చివరి గదిలో ఒక బల్ల. దాని మీద "ముట్టి చూడండి" అని కన్నడంలో రాసి ఉంది. వెదురు తట్టలో రేషం ఆకు, ఆకు మీద పెద్ద పట్టుపురుగులు. బల్ల వెనక మ్యూజియం టీషర్టు వేసుకున్న ఒక అమ్మాయి, నా ఈడుదే. "ముట్టి నోడి, పర్వాగిల్ల, కడియల్ల," అంటూ బెంగళూరు నుంచి వచ్చిన పిల్లల వేళ్ళు పట్టుకుని పురుగుల మీద ఆనిస్తోంది. కరవవు, పర్వాలేదు, ముట్టండి అని. పిల్లలు కేరింతలు కొడుతున్నారు.

పొద్దున్నుంచి చిన్నమ్మ ముఖంలో లేని వెలుగు అప్పుడు వచ్చింది. తన ఊరి మనిషి పట్నంలో కనిపించినట్టు జనాన్ని తోసుకుని ముందుకు పోయింది. నేను ఎప్పటిలాగే వెనక, గోడకు ఆనుకుని, బోర్డు చదువుతూ నిలబడ్డాను. అందువల్ల జరిగినదంతా నాకు స్పష్టంగా కనిపించింది.

ఒక పురుగు తట్ట అంచు మీదికి ఎక్కి పాకుతోంది. చిన్నమ్మ పక్కనున్న ఆమెతో ఏదో చెబుతూనే, చూడకుండానే, చెయ్యి చాచి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి లోపలికి సర్దబోయింది. రోజుకు నూరుసార్లు చేసే పని. ఆ చేతికి ఆలోచన అవసరం లేదు. పురుగు చిట్లింది. వేళ్ళ మీద, అరచేతిలో, మణికట్టు దాకా తెల్లటి పాలు.

 చిన్నమ్మ చెయ్యి ముందుకు చాచి, దాన్ని తనది కానట్టుగా చూస్తూ నిలబడింది. చీరకు తుడుచుకోలేదు. హాసిని చెయ్యి పట్టుకోబోతే, "ముట్టొద్దు!" అని అరిచింది. కేరింతలు ఆగిపోయాయి.

"అమ్మా, ఈ తట్ట తీసెయ్," అంది బల్ల వెనక అమ్మాయితో.  "పిల్లోళ్ళను జరిపి తీసెయ్."

ఆ అమ్మాయి కూడా తెలుగులోకి మారింది. "ఏమీ కాదు అమ్మా. గూడు కట్టే దశకు వచ్చినాయి, అందుకే లావుగా ఉండాయి."

"గూడు కట్టే పురుగు అద్దం మాదిరి ఉంటాది. వెలుతురుకు పెడితే అవతలిది కనపడతాది. ఇది పాలరోగం. ఆకు మీద నీళ్ళు ఎవరు చల్లినారు?"

"వాడిపోకుండా... ఫోటోల్లో బాగుంటాదని..."

"తడి ఆకు పెడితే చస్తాయమ్మా ఇవి! ఎవరూ చెప్పలేదా మీకు?"

ఆ అమ్మాయి ముఖం తెల్లబోయింది. చదివింది జంతుశాస్త్రమేనట, ఊరు గుడిబండనట. ఈ రోగం పేరు పరీక్షలో రాశాను కాని కళ్ళతో చూడలేదు అంది. తట్ట మీద గబగబా గుడ్డ కప్పేసి, సబ్బు తెస్తానంది. చిన్నమ్మ సబ్బు వద్దంది. మరుగుదొడ్లు కడిగే ఆమెను వెతుక్కుంటూ పోయి, బ్లీచింగ్ పౌడర్ అడిగి తీసుకుని, మోచేతుల దాకా రుద్దుకుంది. చర్మం పాలిపోయి మడతలు పడే దాకా. నీలం చీర మీద చుక్కలు పడిన చోటల్లా తెల్ల మచ్చలు లేచాయి. దాని వంక చూడను కూడా లేదు.

"ఇంక పోయిందిగా చిన్నమ్మా," అన్నాను.

"పోయిందో లేదో కంటికి కనపడదు పాపా," అంది.

తిరుగు బస్సు

చిక్కబళ్ళాపురంలో తినాలనుకున్న దోసె తినలేదు. బస్సులో నిలబడే చోటే దొరికింది. హాసినిని నేను ఎత్తుకున్నాను. అమ్మ చెయ్యి ఎందుకు పట్టుకోవద్దంటోందో తెలియక ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి నా భుజం తడిపింది. చిన్నమ్మ కుడిచేతిని ఒంటికి దూరంగా, గాలిలో పెట్టుకుని నిలబడింది. కమ్మీ కూడా పట్టుకోలేదు.

కండక్టరు చూశాడు. "ఏమమ్మా, గోరింటాకు ఆరలేదా ఇంకా?"

బస్సంతా నవ్వింది.  శిడ్లఘట్ట ముందు డ్రైవరు బ్రేకు వేస్తే, చిన్నమ్మ పట్టు లేక ఇద్దరు మనుషుల మీద పడి, కిందికి జారి కూర్చుంది. అప్పుడూ ఆ చెయ్యి నేలకు ఆనించలేదు. నవ్విన వాళ్ళు నవ్వు మానేశారు. నేను కండక్టరుతో ఏదైనా అనాలనుకున్నాను. ఏమనాలో నోట్లో తయారయ్యేసరికి చింతామణి వచ్చింది.

మురుగమల్లలో దిగాక దర్గా దగ్గరి కొళాయి కింద మళ్ళీ కడుక్కుంది. మా వైపు వాళ్ళం కూడా ఈ దర్గాకు వస్తాం, మొక్కుకుంటాం, చక్కెర పంచుతాం. అక్కడ సాంబ్రాణి, చక్కెర పొట్లాలు అమ్మే ముసలామె చాలాసేపు చూసి అడిగింది: "ఏమమ్మా, ఏం అంటిందని అట్ల రుద్దుతాండావు? తోలు వచ్చేస్తాది."

"పురుగుల రోగం అవ్వా. ఇంట్లో నాలుగో జ్వరంలో ఉండాయి."

 ఎవరింట్లోనో ఏదో అయిందని విన్నప్పుడు మనం నాలుక కరుచుకుంటామే, ముసలామె అట్లా కరుచుకుంది. రెండు చక్కెర పొట్లాలు హాసిని చేతిలో పెట్టి, డబ్బు వద్దంది. "సాంబ్రాణి ఇచ్చేదాన్ని. మీ ఇంటికి వాసన పనికిరాదు కదా," అంది. ఆ మాట ఆమెకెట్లా తెలుసని ఆశ్చర్యపోయాను. తరువాత తెలిసింది, ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. తెలియనిది నాకొక్కదానికే.

మోటారు గది దగ్గర

చిన్నమ్మ గేటులోకి రాలేదు. రోడ్డు మీద నిలబడే చిన్నాయనను పిలిచింది, జరిగింది చెప్పింది.

"దానికేమిప్పుడు? కడుక్కుంటివి కదా," అన్నాడు ఆయన. "తలకు పోసుకుని రాపో. నీ కత ఎక్కువైపోతాంది."

"నేను రాను. జ్వరం తీరి, ఆకు పట్టే దాకా లోపలికి రాను. పురుగింటికి కాదు, ఇంటికే రాను."

"పురుగులను ఎవరు చూస్తారు? రేపు మధ్యాహ్నానికి లేస్తాయి. అన్నీ లేచినాయో లేదో నీకు తప్ప నాకు తెలుస్తాదా?"

నాకప్పుడే అర్థమైంది, సంగతి ఎంత పెద్దదో. జ్వరం తీరిన పురుగు ఆకలితో లేస్తుంది. అన్నీ లేవకముందే ఆకు వేస్తే ముందు లేచినవి తిని పెరుగుతాయి, వెనకవి ఆకు కింద పడి చస్తాయి. ఆలస్యమైతే లేచినవి నీరసపడతాయి. ఆ గంటను కనిపెట్టే కన్ను ఆ ఇంట్లో చిన్నమ్మది ఒక్కటే. చిన్నాయనకు దగ్గరి చూపు సరిగా ఆనదు. చిన్నాయన ఫోన్‌లో వీడియో చూపిస్తానన్నాడు. ఆ మసక వెలుతురులో వీడియో తీస్తే అంతా బూజులా కనిపించింది.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "లోపలికి పాప పోతాది. ఏమీ ముట్టలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. నేను చూస్తి."

నా సిగ్గు ఒకరికి పనికి రావడం నాకు తెలిసి అదే మొదలు. మోటారు గది దగ్గర హాసినికి పోసి, నేనూ తలకు పోసుకుని, మా బట్టలన్నీ బ్లీచింగ్ నీళ్ళలో వేసి, ఉతికిన నైటీ వేసుకున్నాను. చిన్నమ్మ కూడా అక్కడే స్నానం చేసి, ఆ గదిలోనే చాప వేసుకుంది. అన్నం పళ్ళెం ఆమె ముందు కొద్ది దూరంలో పెట్టి వచ్చాను. సొంత పొలంలో, సొంత ఇంటి ఎదుట, మైలపడిన మనిషిలా ఆమె తనను తాను వెలివేసుకుంది.

పురుగింట్లో

మరునాడు పొద్దున గోనెపట్ట మీద కాళ్ళు తుడుచుకుని లోపలికి పోయాను. చిన్నమ్మ బట్టలారేసే తీగ దగ్గర, పదిహేను అడుగుల దూరంలో నిలబడి ప్రశ్నలు అరుస్తోంది. నేను జవాబులు అరవాలి.

"తల ఎంత ఉండాది?"

"కొన్నిటికి సజ్జ గింజంత. కొన్నిటికి జొన్న గింజంత!"

"జొన్న గింజంత ఉండేవి లేచినవి. ఒళ్ళు?"

"ముడతలు... పెద్ద అన్న చొక్కా తొడుక్కున్నట్టు ఉండాయి!"

అవతల నుంచి నవ్వు వినిపించింది. "అదే! అది లేచిన పురుగు. తలెత్తి బిగుసుకోనుండేవి ఎన్ని?"

అటక వెంట అటక చూస్తూ, నేను జీవితంలో ఎన్నడూ అరవనంత అరిచాను. ఒక్కో అటకకు సగం, ముప్పాతిక, దాదాపు అన్నీ. మధ్యాహ్నానికి చిన్నాయన కోసిన కొమ్మలు తడి గోనె కింద వాడిపోతున్నాయి. ఆయనకు తొందర.

"లేచినాయిలే పాపా, చాలు. ఆకు వేసేస్తా."

"వద్దు చిన్నాయనా. కింది అటకలో ఇంకా లేవలేదు."

"ఎన్ని? నాలుగుంటాయి. వాటి కోసరం ఇన్ని పస్తుండాలా?"

"వద్దు," అన్నాను మళ్ళీ. ఆయన కొమ్మ పట్టుకున్న చెయ్యి దించేశాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మరోసారి సరిచూసుకోవడానికి కింది అటక ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అప్పుడు చూశాను. అటక అంచు మీద ఒక పురుగు. అది జ్వరానికి కూర్చోలేదు. లేవనూ లేదు. ఒళ్ళు తళతళ మెరుస్తూ, కణుపు కణుపుకూ ఉబ్బి, అంచు వెంట పాకుతోంది. నిన్న బల్ల మీద చూసిన పురుగు పాకినట్టే.

 చిన్నాయన మరో వైపు ఉన్నాడు, చూడలేదు. బయట చిన్నమ్మ, "ఏమాయె పాపా? పలకవేం?" అంటోంది. ఈ ఇంట్లో ఇంకొక గుంత తవ్వాలా, కానుగ చెట్టు కింద? ఎంతసేపు అట్లా కూర్చున్నానో తెలియదు. కాలికి తిమ్మిరి ఎక్కింది.

లేచి బయటికి వెళ్ళాను. ఈ మాట అరవలేను కదా. చిన్నమ్మ వెనక్కి జరగబోతే, "ఉండు," అని దగ్గరికి పోయి చెప్పాను.

"అంచు మీద ఉండాదా?"

"ఊ."

"మెరుస్తాందా? ఉబ్బిందా?"

"ఊ. నేను ముట్టలేదు."

ఆమె కుప్పకూలుతుందని నేను చెయ్యి చాచాను. ఆమె మాత్రం తన కుడిచేతిని ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. బ్లీచింగ్‌కు చర్మం పగిలి ఎర్రగా ఉంది.

"నిన్న అంటినది ఈ పొద్దుకు ఉబ్బదు పాపా," అంది నెమ్మదిగా. "నాలుగైదు దినాలు పడతాది. ఇది అంతకు ముందుదే. నాది కాదు. ఇది నా చెయ్యి కాదు."

నేను తెచ్చినది చెడ్డ వార్త. అది విని ఆమె ముఖం తేలికపడటం చూసి నాకు భయం వేసింది. ఒక్క క్షణమే. మరుక్షణం కొంగు నడుముకు బిగించి, కాళ్ళు, చేతులు కడుక్కుని, గోనె మీద తుడుచుకుని లోపలికి దూసుకుపోయింది. "రోగం లోపలే ఉంటే ఇంక నాకు బయట ఏం పని? పుల్లలు తీసుకురాపో. సున్నం మూట విప్పు, ఇంకా చూస్తా నిలబడుకోనుండావు!" అంది చిన్నాయనతో.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం అటకల అంచులు వెతికాం. దొరికిన ప్రతి దాన్నీ చిట్లకుండా రెండు పుల్లలతో ఎత్తి బ్లీచింగ్ నీళ్ళ డబ్బాలో వేశాం. నా కళ్ళు మంచివని కింది అటకలు నాకిచ్చారు. ఎక్కువ కింది అటకలోనే దొరికాయి. దాని మీద సున్నం పొడి దట్టంగా చల్లి, దాన్ని వేరు చేశారు. తక్కిన వాటి మీద చిన్నమ్మ ఒకసారి చూపు పారించి, "ఇప్పుడు," అంది. ఆకు పడింది. ఒకటిన్నర దినం పస్తున్న నోళ్ళు దాని మీద పడ్డాయి.

సాయంత్రం బస్సుకు నేను బాగేపల్లి వచ్చేశాను. పంట ఏమవుతుందో తెలియకుండానే.

ఫోన్

పద్నాలుగో రోజు చిన్నమ్మ ఫోన్ చేసింది. కింది అటక పోయిందట, పూడ్చారట. తక్కినవన్నీ పండి, చంద్రికలనే వెదురు తడకల మీదికి ఎక్కి గూళ్ళు కట్టేశాయట. "కదిపితే గలగలమంటాది పాపా, గట్టి గూడు," అంది. ఆ పొద్దు నంబరు రాసుకున్న మ్యూజియం అమ్మాయి కూడా ఫోన్ చేసిందట. బల్ల మీద ఇప్పుడు తట్ట లేదు, ఫోటోలే పెట్టారట.

తరువాత తనే అడిగింది.

"ఆ పొద్దు లోపల అంత సేపు ఏం చేస్తా ఉంటివి? పిలిస్తే పలకలేదు."

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "చూసి కూడా చూడనట్టు ఉంటే సరిపోతాదా అనుకుంటాంటిని చిన్నమ్మా."

తిడుతుందనుకున్నాను. ఫోన్‌లో షెడ్డు మీద గాలికి రేకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. అప్పుడు ఆమె గొంతు బాగా తగ్గించి, చిన్నాయన దగ్గర్లో ఉన్నాడేమో, అంది:

"పోయిన పంటప్పుడు నేను మొదటి పురుగు చూసి, రెండు దినాలు ఎవరికీ చెప్పలేదు పాపా."